నాన్న నోటుపుస్తకంలో సున్న చుట్టిన ‘ఎ’: ఎవరైనా చదివి పెట్టగలరా?

చిల్లుబంతి | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేదాన్నే గానీ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఇప్పుడు ఒక సహాయం కావాలి.

మా నాన్నకు డెబ్బై అయిదేళ్లు. లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైర్ అయ్యారు. పోయిన వారం కంటి శుక్లానికి ఆపరేషన్ అయింది. నేను బెంగళూరు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఆయన దగ్గర ఉంటున్నాను. పింఛను కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే అట్ట ఊడిపోయిన పొడుగు నోటుపుస్తకం ఒకటి దొరికింది. పాలవాడి లెక్కలనుకున్నాను. తెరిచి చూస్తే పుస్తకం నిండా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు!

ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి అని నాకు తెలియనిది కాదు. నాకు ఆ పిచ్చి అంటించింది ఆయనే. మేమిద్దరం కలిసి చూసిన మ్యాచ్‌లు వందల్లో ఉంటాయి. కలిసి చూడటమంటే పేము కుర్చీలో ఆయన, చాప మీద నేను, టీవీ శబ్దం పూర్తిగా బంద్. వ్యాఖ్యాతల వాగుడు గిట్టక శబ్దం తీసేస్తారేమో అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే చూస్తారు. మ్యాచ్ అయ్యాక ఒక్క మాట ఉండదు. లేచి కుండలో నీళ్లు తాగి పడుకుంటారు. ఈ పుస్తకంలో ఇంత రాసుకున్నారని మాత్రం నాకు తెలియదు.

కొన్ని వరుసలు ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను. సున్న చుట్టిన అక్షరాన్ని ఇలా (ఎ) అని రాస్తాను.

11–6–63. రహీం సాబ్.
22/23–6–86. అర్జెంటీనా 2, ఇంగ్లండ్ 1. చే, ఎ / త. అ.లే.
8/9–7–90. జర్మనీ 1, అర్జెంటీనా 0. కు?
18–7–94. బ్రెజిల్ 0, ఇటలీ 0. ఆ / పై, ఆ, పై. అ.లే.
13–7–98. ఫ్రాన్స్ 3, బ్రెజిల్ 0. త, త, ఎ. అ.లే.
16–5–02. రియల్ మాడ్రిడ్ 2, లెవర్కుసెన్ 1. (మధ్యలో తడిసి చెరిగిపోయింది) … (ఎ). అ.లే.
14–7–14. జర్మనీ 1, అర్జెంటీనా 0. (ఎ). అ.లే.
18–12–22. అర్జెంటీనా 3, ఫ్రాన్స్ 3. ఎ, ఎ, (కు) / కు, కు, కు.

మొదటి పేజీలో ఉన్నది ఆ రహీం సాబ్ వరుస ఒక్కటే. ఆ తర్వాత పుస్తకం తిన్నగా 1986కు దూకుతుంది. మా ఇంటికి టీవీ వచ్చింది ఆ ఏడాదే. కు అంటే కుడి, ఎ అంటే ఎడమ, త అంటే తల అని ఊహించాను. సున్నలు ఎందుకో, ‘అ.లే.’ ఏమిటో అంతుపట్టడం లేదు. నాన్నను అడగవచ్చు కదా అంటారేమో. అడగకుండా ఆయన బీరువా తెరిచాను, అదీ నా ఇబ్బంది.

ఆఫ్‌సైడ్ ఆచారి | శనివారం, రాత్రి 10:05

అమ్మా, ఈ వేదికలో ఏళ్ల తర్వాత ఒక పనికొచ్చే ప్రశ్న పడింది.

‘చే’ అంటే చెయ్యి. మారడోనా చేత్తో కొట్టిన గోలు అదే కదా! రెఫరీ గోలు అన్నాడు, మీ నాన్నగారు మాత్రం చెయ్యి అని నమోదు చేశారు. ఆ అక్షరానికే ఆయనకు దండం పెట్టాలి. పక్కన ‘త’ లినేకర్ హెడర్, 81వ నిమిషంలో.

తేదీని ఆయన 22/23 అని ఎందుకు రాశారో చూడండి. మెక్సికోలో మధ్యాహ్నం పన్నెండింటికి ఆట మొదలైతే మనకు రాత్రి పదకొండున్నర. మారడోనా గోల్స్ 51, 55 నిమిషాల్లో పడ్డాయి. అంటే మనకు అప్పటికే తేదీ మారింది. ఇంత పట్టింపు ఉన్న మనిషి సున్నలు ఊరికే చుట్టరు.

94లో ‘పై’ అంటే కమ్మీ మీదుగా పైకి, ‘ఆ’ అంటే కీపర్ ఆపాడు. ఇటలీ వైపు బరేసీ పైకి కొట్టాడు, మసారో బంతిని తఫరెల్ ఆపాడు, చివర బాజ్జో మళ్లీ పైకి. బ్రెజిల్ వైపున్న ఒక్క ‘ఆ’ మార్సియో సాంతోస్‌ది, పల్యూకా ఆపాడు. పెనాల్టీల్లో పోయినవే రాశారు, పడినవి రాయలేదు.

రాత్రి షిఫ్టు | శనివారం, రాత్రి 10:31

సున్న చుట్టినవి ఆయనకు బాగా నచ్చిన గోల్స్ అయి ఉంటాయి. 2002లో గ్లాస్గోలో జిదాన్ గాలిలోంచి దిగుతున్న బంతిని వచ్చింది వచ్చినట్టే కొట్టాడు చూడండి, దానికి సున్న చుట్టకపోతే ఇంక దేనికి చుడతారు? 2014లో గోట్సె గోలు కూడా అంతే. రొమ్ముతో దించి, కింద పడకముందే కొట్టాడు.

ఆఫ్‌సైడ్ ఆచారి | శనివారం, రాత్రి 10:38

అలాగైతే మారడోనా రెండో గోలుకు సున్న ఎందుకు లేదు? తన సగంలో బంతి అందుకుని కీపర్‌తో సహా అందరినీ దాటుకుంటూ వెళ్లి కొట్టిన గోలు నచ్చక, 2022లో మెస్సీ గీత దగ్గర నెట్టిన గోలు నచ్చిందా? పొసగదు.

కవర్ డ్రైవ్ | శనివారం, రాత్రి 10:50

నేను క్రికెట్ విభాగంలో ఉండేవాణ్ని, దారి తప్పి వచ్చాను. అ.లే. అంటే ‘అంపైర్ లేడు’ కాదు కదా?

పెన్నా ఇసుక | శనివారం, రాత్రి 11:12

ఆచారిగారూ, మీ మాటలోనే జవాబు ఉంది. మెస్సీది ఎడమకాలివాటం. ఫైనల్లో 108వ నిమిషం గోలు కుడి కాలితో కొట్టాడు. సున్న ఉంది. అదే మ్యాచ్‌లో పెనాల్టీ ఎడమ కాలితో, దానికి లేదు. డి మారియాదీ ఎడమకాలివాటమే, లేదు. ఎంబాపె కుడికాలివాటం, మూడూ కుడితోనే, ఒక్కదానికీ లేదు.

జిదాన్‌ది కుడికాలివాటం. గ్లాస్గోలో కొట్టింది ఎడమతో. గోట్సెది కూడా కుడి, కొట్టింది ఎడమ. 98లో పెతీది పుట్టుకతోనే ఎడమ, అందుకే సున్న లేదు. మారడోనా సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాటం లేని కాలితో కొట్టిన గోలుకు సున్న. అంతే!

ఆఫ్‌సైడ్ ఆచారి | శనివారం, రాత్రి 11:15

ఒప్పుకున్నాను. ఈ మాట నేను తరచుగా అనను.

బడిగంట | ఆదివారం, ఉదయం 6:20

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయినిని. రాత్రంతా మీరు సున్నలు లెక్కపెట్టారు గానీ మొదటి పేజీని ఎవరూ పట్టించుకోలేదు. ఈ పుస్తకం గుట్టంతా అక్కడే ఉంది.

1963 జూన్ 11న సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్. అంతకు తొమ్మిది నెలల ముందు జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్లో మన జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టు కోచ్ ఆయనే. 1951లో ఢిల్లీలో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన హయాంలోవే. ఇక్కడ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన శిక్షణలోనే 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ వచ్చింది. ముందు బడిపంతులు, ఆ తర్వాతే కోచ్. అది మాకు గర్వకారణం, చెప్పకుండా ఉండలేను.

ఇప్పుడు సున్నల సంగతి. వాటం లేని కాలితో మాత్రమే ఆడే పోటీలు ఆయన పెట్టేవారు. కుడికాలివాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి. డ్రిబ్లింగ్ నిషేధించి, బంతి అందుకోగానే ఇచ్చేయాలనే పోటీలు కూడా ఉండేవి. ఆ పద్ధతులు ఆయనతో పోలేదు. ఆయన దగ్గర ఆడినవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు సికింద్రాబాద్ మైదానాల్లో చాలాకాలం అదే నేర్పారు. నేనూ మా ఆడపిల్లల చేత వారానికి ఒక రోజు అలాగే ఆడిస్తాను. మొదటి పది నిమిషాలు చూడాలి, కోళ్లగంపలో కాలు పెట్టినట్టు ఉంటుంది! మా జిల్లా తండా నుంచి వెళ్లి దేశానికి ఆడుతున్న సౌమ్య గుగులోత్ పేరు చెబితే తప్ప పిల్లలు ఆ శిక్షకు ఒప్పుకోరు.

మీ నాన్నగారికి అప్పటికి పదమూడేళ్లు ఉండాలి. అడగండి. బీరువా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఖరగ్‌పూర్ క్వార్టర్స్ | ఆదివారం, ఉదయం 8:02

ఈ చర్చ దారం కొంచెం పక్కకు లాగుతున్నాను, నిర్వాహకులు మన్నించాలి.

మాది శ్రీకాకుళం వైపు ఊరు. నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో చేరి అక్కడే ఉండిపోయారు. ఆయనకు బెంగాలీ నేర్పింది రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం. కూరగాయల బేరం కూడా ఆ ధోరణిలోనే చేసేవారు, గొంతు పెంచుకుంటూ పోయి చివర్లో ‘గో…ల్’ అన్నంత పని.

మా క్వార్టర్స్‌లో సగం మంది మోహన్ బగాన్, సగం ఈస్ట్ బెంగాల్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల జట్టు మనకెందుకు నాన్నా అంటే, వేళ్లు మడిచి లెక్క చెప్పేవారు: అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలె. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ ఫార్వర్డ్ వరుసను బెంగాలీలు పంచపాండవులని పిలిచేవారు. అయిదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. ఆ తర్వాత 1957లో మన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం వెళ్లాడు, జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు. ‘జెండా వాళ్లది, కాళ్లు మనవి’ అనేవారు నాన్న. బలరాం చివరికి మా రైల్వే జట్టు బీఎన్ఆర్‌కే వచ్చినప్పుడు ఈయన రెండు రోజులు నేల మీద నడవలేదట.

1997 జూలై 13న నన్ను సాల్ట్ లేక్ స్టేడియానికి తీసుకెళ్లారు. ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, రెండు జట్లూ ఎదురెదురు. లక్షా ముప్ఫై ఒక్క వేల మంది. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ముందురోజుల్లో అవతలి ఆటగాళ్లను తెగ వెక్కిరించాడు. ఒమోలోను ఆమ్లెట్ అన్నాడు, భూటియాను చుంగ్ చుంగ్ అన్నాడు. ఆ చుంగ్ చుంగే మూడు గోల్స్ కొట్టాడు, 4–1. నాకు పన్నెండేళ్లు. జనం లేచినప్పుడల్లా నాకు వీపులు తప్ప ఏమీ కనబడలేదు. నాన్న నన్ను భుజాల మీదకు ఎత్తుకోబోయి, మోయలేక, నా చెవిలో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. బెంగాలీలో! తెలుగులో ఆట చెప్పడం ఆయనకు రాదు.

ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే పెద్ద రొయ్యలు తినాలని అక్కడ ఆనవాయితీ. ఇలిశ అంటే మరేదో కాదు, గోదావరి ఎదురెక్కితే మనం పులస అంటాం, అదే. ఆ రోజు ధర అడగకుండా కొన్నారు. తిరుగు రైల్లో ఆ సంచిని ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. అమ్మ ముఖం చూడాలి.

నాన్న పోయి ఆరేళ్లు. ఆయన పుస్తకాలేమీ రాసుకోలేదు. మీకు అది దొరికింది.

ఆఫ్‌సైడ్ ఆచారి | ఆదివారం, ఉదయం 8:40

ఆ రైల్వే జట్టుకు ఆడిన అప్పలరాజునూ కలుపుకోండి. 1964 ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద రెండో నిమిషంలోనే గోలు కొట్టాడు. ఆ టోర్నీలో మనది రెండో స్థానం.

తండ్రీకొడుకుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. రహీం గారి అబ్బాయి హకీం 1960లో రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. కోచ్ నాన్నే. ఒక్క మ్యాచ్‌లో కూడా దింపలేదు. ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

చిల్లుబంతి | ఆదివారం, రాత్రి 10:15

అడిగాను.

వారం రోజులు టీవీ వద్దన్నారు డాక్టరుగారు. కంటికి పచ్చ అద్దాలు పెట్టుకుని పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. పుస్తకం ఒళ్లో పెట్టి ‘ఇది చూశాను నాన్నా’ అన్నాను. కాసేపు పేజీలు తడిమి, ‘పింఛను కాగితాలు దొరికాయా?’ అన్నారు. అంతే, బీరువా సమస్య తీరిపోయింది. ఇన్ని గంటలు నేనే భయపడి చచ్చాను.

పెన్నా ఇసుక గారి లెక్క నూటికి నూరుపాళ్లు నిజం. బడిగంట గారూ, మీరన్నదీ నిజమే. రహీం సాబ్‌ను ఎప్పుడైనా చూశారా అని అడిగాను. ‘దూరం నుంచి’ అన్నారు. ఫతే మైదాన్‌లో, గోడ మీద నుంచి. ఇప్పటి ఎల్బీ స్టేడియం ఉన్న చోట. దగ్గరకు వెళ్లే ధైర్యం లేదట. వీళ్లకు నేర్పింది ఆ పద్ధతి తెలిసిన రైల్వే ఆటగాడు ఒకాయన. వీళ్ల కుడి కాళ్లకు గోనెసంచి ముక్కలు చుట్టి కట్టేవాడట, తన్నితే బంతి కదలకుండా. 63లో ఆ వార్త తెలిసిన రోజు మా తాతయ్య పనికి వెళ్లలేదట. అది గుర్తుండిపోయి, 86లో పుస్తకం మొదలుపెట్టినప్పుడు ముందు ఆ తేదీ రాశారట.

నాన్న ఒకే విడతలో ఇన్ని వాక్యాలు మాట్లాడటం నేను వినలేదు.

రహీం సాబ్ పేరు పుస్తకంలో ఇంకొక్కచోట ఉంది, ఇందాక చూశాను. 20–3–22. హైదరాబాద్ 1, కేరళ 1. ఆ, ఆ, ఆ. రహీం సాబ్.

బడిగంట | ఆదివారం, రాత్రి 10:33

ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, గోవాలో. ఆ మూడు ‘ఆ’లు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీలు. షూటౌట్‌లో 3–1. హైదరాబాద్ పేరున్న జట్టు దేశంలో మొదటి వరుసలో నిలబడటం చూడటానికి ఒక తరం ఎన్నేళ్లు ఆగిందో ఆ వరుస చెబుతోంది.

పెన్నా ఇసుక | ఆదివారం, రాత్రి 11:01

మా నాన్న రైతు. మా అనంతపురంలో ఆర్డీటీ మైదానంలో నేను ఆడుతుంటే వేరుశనగ అమ్మిన రోజున వచ్చి గట్టు మీద కూర్చునేవారు. నియమాలు ఒక్కటీ తెలియదు. ఈల మోగితే చాలు, ‘ఆఫ్‌సైడే’ అని పక్కవాళ్లకు చెప్పేవారు. ఈ దారం చదివాక ఆయనకు ఫోను చేశాను. రాత్రి పదకొండింటికి ఫోనేమిటి, ఒంట్లో బాగుందా అని కంగారు పడ్డారు. మళ్లీ చేయను.

చిల్లుబంతి | సోమవారం, రాత్రి 11:50

రోజూ రాయాలని కాదు గానీ ఇది ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టదు.

ఈ సాయంత్రం పుస్తకం మొదటి నుంచి చదివి వినిపించమన్నారు. కళ్లు బాగైతే తానే చదువుకోగలరు, అయినా అడిగారు. చదువుతూ వెళుతుంటే 1995లో ఆగిపోయాను.

2–12–95. బడి 0, రైల్వే బడి 2. (ఎ) – బయటికి.

ఆ బడి నాది. ఆ ‘ఎ’ కూడా నాదే. నాకు పదమూడేళ్లు. ఆడపిల్లల జట్టు ఆడిన మొట్టమొదటి మ్యాచ్. ఎడమ పక్కన బంతి దొరికింది, కీపర్ ముందుకు వచ్చేసింది, ఎడమ కాలితో తన్నాను, కంచె దాటి మురుగు కాలవలో పడింది. ఆ సంవత్సరమంతా నన్ను ‘కాలవ’ అని పిలిచారు. శనివారం డ్యూటీ ఉంది, రాలేనని నాన్న ముందే చెప్పారు. రాలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు.

మీకు తెలుసో లేదో, ఆ పుస్తకం మొత్తంలో గోలు కాకుండా సున్న చుట్టినది అదొక్కటే.

గొంతు సర్దుకుని ఆ వరుస చదివాను. నాన్న తల కూడా తిప్పలేదు. ‘ఆ బంతిని కుడి కాలితో కొట్టాల్సింది’ అన్నారు.

నాకు ఒళ్లు మండింది. కుడి కాలికి రావాలంటే ఇంకో అడుగు వెయ్యాలి, ఆలోగా కీపర్ కాళ్ల మీద పడేది అన్నాను. ‘పడేది కాదు. ఆ పిల్ల కదలదు, మొదటి సగం నుంచి చూస్తున్నాను’ అన్నారు. మరి సున్న ఎందుకు చుట్టారు అన్నాను. ‘కొట్టింది ఎడమతోనే కదా. రాయాల్సింది రాశాను. అది మంచి నిర్ణయమని ఎక్కడైనా రాశానా?’

గంటన్నర వాదించుకున్నాం. అగ్గిపెట్టె కీపర్, మిరియాల సీసా నేను. పక్కింటి అత్తయ్య ఏమైందోనని వచ్చి చూసి వెళ్లింది.

ఆఫ్‌సైడ్ ఆచారి | మంగళవారం, ఉదయం 7:10

కీపర్ ఎంత దూరంలో ఉంది? మీరు ఏ కోణం నుంచి కొట్టారు? ఇవి తెలియకుండా తీర్పు చెప్పలేను.

ఖరగ్‌పూర్ క్వార్టర్స్ | మంగళవారం, ఉదయం 7:25

ఆచారిగారూ, దయచేసి.

రాత్రి షిఫ్టు | మంగళవారం, ఉదయం 7:48

నేను హ్యూస్టన్‌లో ఉంటున్నాను. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. వాడి ఫుట్‌బాల్ అంతా వీడియో గేములో. ‘వీక్ ఫుట్’ అని ప్రతి ఆటగాడికీ అందులో అయిదు నక్షత్రాల లెక్కన మార్కులు ఉంటాయని వాడే చెప్పాడు. ఈ దారంలో ఉన్నదంతా వాడికి ఇంగ్లీషులో వివరించాను. కాసేపు ఆలోచించి, ‘ఆ తాత నక్షత్రాలు చేత్తో వేసుకున్నారన్నమాట’ అన్నాడు. రాత్రి భోజనం దగ్గర చాలా రోజుల తర్వాత ఫోను పక్కన పెట్టాడు. పదిహేను నిమిషాలే అనుకోండి.

అన్నట్టు, అ.లే. ఇంకా తేలలేదు. ‘అదనపు సమయం లేదు’ అయి ఉంటుందా?

ఆఫ్‌సైడ్ ఆచారి | మంగళవారం, ఉదయం 8:00

కాదు. 94 ఫైనల్, 2014 ఫైనల్ రెండింటిలోనూ అదనపు సమయం ఆడారు, రెండింటి పక్కనా అ.లే. ఉంది. గెలిచిన జట్టును బట్టీ కాదు. గోల్స్ లెక్కను బట్టీ కాదు, 94లో అసలు గోలే లేదు. నిన్న రాత్రి కాగితం మీద వేసి చూశాను. ఒక్కటే పోలిక కనిపించింది: అన్నీ మనకు అర్ధరాత్రి దాటాక ముగిసినవి. కానీ 90 ఫైనల్ కూడా అర్ధరాత్రి దాటింది, దానికి లేదు. ఓడిపోయాను.

కవర్ డ్రైవ్ | మంగళవారం, ఉదయం 8:04

అంపైర్ లేడు అని నేను ముందే చెప్పాను.

చిల్లుబంతి | మంగళవారం, రాత్రి 9:30

మధ్యాహ్నం అన్నం తింటుంటే అడిగాను. మజ్జిగ పోసుకుంటూ చెప్పారు.

‘అమ్మ లేచింది.’

తాను అరిచిన అరుపుకు అమ్మ నిద్ర లేచిన మ్యాచ్‌లు. 94లో బాజ్జో కొట్టిన బంతి పైకి పోయినప్పుడు తెల్లవారుజామున ఆమె దొంగలు పడ్డారనుకుని చీపురు తీసుకుని వచ్చిందట. అది నాకూ లీలగా గుర్తుంది. 90లో అమ్మ పురిటికి పుట్టింట్లో ఉంది, తమ్ముడు కడుపులో. లేవడానికి ఇంట్లో లేదు.

2018 దాకా అక్కడక్కడా ఉంది. అమ్మ 2019లో పోయింది. తర్వాత పేజీల్లో వెతకలేదు.

రాత్రి షిఫ్టు | మంగళవారం, రాత్రి 9:52

శబ్దం తీసేసి చూసేది అందుకేనా?

చిల్లుబంతి | మంగళవారం, రాత్రి 10:20

అడగలేదు.

బడిగంట | బుధవారం, ఉదయం 6:15

అడగకండి.

చిల్లుబంతి | శనివారం, రాత్రి 11:35

ఇంకా రెండు రోజులు టీవీ చూడకూడదు. ఈ రాత్రి మ్యాచ్ నేను చూసి చెబుతున్నాను, ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు. శబ్దం పెట్టనా అంటే వద్దన్నారు. నేను ఎంత వర్ణించినా ఆయన అడిగేది ఒక్కటే: ‘ఏ కాలు?’ మొదటి గోలు తొందరలో సరిగా చూడలేదు, కుడి అన్నాను. మళ్లీ చూపించినప్పుడు చూస్తే ఎడమ. తప్పు ఒప్పుకున్నాను. ‘రాయకముందు రెండోసారి చూడాలి’ అన్నారు. కలం ఇప్పుడు నా చేతిలో ఉంది. నా ఎ ఆయన ఎ లాగా రావడం లేదని ఫిర్యాదు.

ఆఫ్‌సైడ్ ఆచారి | ఆదివారం, ఉదయం 7:05

శుభం. ఒక్క విషయం మిగిలిపోయింది. 90 ఫైనల్లో ‘కు’ పక్కన ఆ ప్రశ్నార్థకం.

ఆ గోలు ఆంద్రెయాస్ బ్రెమె పెనాల్టీ, 85వ నిమిషం. మామూలుగా కొట్టేది మాథెయస్. ఆ రోజు అతని బూటు పాడై కొత్త జత వేసుకున్నాడు, అది కుదరక వెనక్కి తగ్గాడు. బ్రెమె కుడి కాలితో మూలకు పంపాడు. గోయ్‌కోచియా సరైన వైపే దూకాడు, అందలేదు. అదే బ్రెమె 1986లో మెక్సికో మీద షూటౌట్‌లో ఎడమ కాలితో కొట్టాడు. ఆడింది లెఫ్ట్ బ్యాక్. మరి ఏది వాటం, ఏది కాదు? సున్న పెట్టాలా, వద్దా? మీ నాన్నగారు ముప్ఫై అయిదేళ్లుగా తేల్చలేదు. నేను ఎడమకాలివాటం అంటాను, సున్న పెట్టాలి. నా మాటగా ఆయనకు చెప్పండి.

చిల్లుబంతి | ఆదివారం, మధ్యాహ్నం 1:40

చెప్పాను. మీ వాదన పూర్తిగా రెండుసార్లు చదివించుకున్నారు. బ్రెమె 2024 ఫిబ్రవరిలో చనిపోయాడని నేను చెబితే, ‘తెలుసు’ అన్నారు.

కలం అడిగి తీసుకున్నారు. సున్న చుడతారనుకున్నాను. ప్రశ్నార్థకం కింద చుక్క వెలిసిపోయి ఉంది, దాన్ని దిద్ది పుస్తకం మూసేశారు.